చెడ్డ వార్తల నడుమ ఆశ ఎలా పుడుతుంది?

పొద్దున్నే ఫోను తెరవగానే యుద్ధం, వరద, హత్య, కుప్పకూలిన ఆర్థిక వ్యవస్థ. అరగంట చదివి, నిట్టూర్చి, పక్కన పెట్టేస్తాం. మధ్యాహ్నం మళ్లీ తెరుస్తాం. కొందరు ఇక చాలనుకుని వార్తల జోలికే పోవడం మానేశారు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా అనేక దేశాల్లో సర్వే చేస్తుంది. వార్తలను అప్పుడప్పుడైనా కావాలనే తప్పించుకుంటున్నామని చెప్పినవారు 2017లో 29 శాతం ఉంటే, 2024 నాటికి 39 శాతమయ్యారు. వీరిని బాధ్యత లేనివారని తీసిపారేయలేం. గంటల తరబడి వార్తలు చూసేవారు వీరికంటే ఎక్కువేమైనా చేస్తున్నారా అంటే, అదీ లేదు. చూసి చూసి అలసినవారూ, చూడలేక తప్పుకున్నవారూ చివరికి అనే మాట ఒక్కటే: "మన చేతుల్లో ఏముంది?"

ఈ మాటకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. "ప్రపంచం నిజానికి బాగుపడుతోంది, కావాలంటే గ్రాఫులు చూడండి" అనే ఓదార్పు ఒకటి. "ముందు మనసును ఆశతో నింపుకోండి, పనులు వాటంతట అవే జరుగుతాయి" అనే ఉపదేశం ఇంకొకటి. మొదటిదానిలో సగం నిజముంది. రెండోదానిలో వరుసే తలకిందులైంది. ఆశ పుట్టాక పని మొదలుపెట్టేవారు అరుదు. ఏదో ఒక పని చేతికి దొరికాక, అందులో కొంచెం కదలిక కనిపించాక ఆశ పుట్టడమే ఎక్కువ. ఇది నీతివాక్యం కాదు. మన మెదడు గురించి, సమాజంలో మార్పు వచ్చే తీరు గురించి ఇప్పటికే తెలిసిన సంగతులను పక్కపక్కన పెడితే కనబడేది ఇదే.

వార్తకు అందనివి

నార్వే పరిశోధకులు యోహాన్ గాల్టుంగ్, మారి రూగె 1965లో విదేశీ వార్తలు ఎలా ఎంపికవుతాయో విశ్లేషించారు. వారు గమనించిన వాటిలో ముఖ్యమైనది కాలానికి సంబంధించినది. ఒక రోజు వ్యవధిలో ఇమిడిపోయే సంఘటనకు దినపత్రికలో చోటు దొరుకుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా సాగే మార్పు దాని వలలో పడదు. వంతెన కూలడానికి నిమిషం చాలు, కట్టడానికి ఏళ్లు కావాలి. అందుకే చెడుకు వార్తాయోగ్యత సహజంగానే ఎక్కువ. ఇందులో ఎవరి కుట్రా లేదు.

ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 1990లో ఐదేళ్లలోపు పిల్లలు దాదాపు 1.28 కోట్ల మంది చనిపోయారు. 2022లో ఆ సంఖ్య 49 లక్షలు. మూడు దశాబ్దాలలో వచ్చిన ఈ తేడా మానవ చరిత్రలోనే పెద్ద విజయాలలో ఒకటి. అయినా ఏ ఒక్క రోజున దాన్ని శీర్షికగా పెట్టాలి? చనిపోయిన బిడ్డకు పేరుంటుంది, ఫొటో ఉంటుంది, ఏడ్చే తల్లి ఉంటుంది. చనిపోకుండా మిగిలిన బిడ్డ ఎవరో ఎవరికీ తెలియదు, ఆ బిడ్డకు కూడా. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన టీకా కార్యక్రమం 50 ఏళ్లలో సుమారు 15.4 కోట్ల ప్రాణాలు నిలిపిందని 2024లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన అధ్యయనం లెక్క కట్టింది. ఆ 15.4 కోట్ల మందిలో మనమూ ఉండి ఉండవచ్చు.

దీనికి మన స్వభావం తోడవుతుంది. ఆరు ఖండాల్లోని 17 దేశాలలో వెయ్యి మందికి పైగా మనుషులకు వార్తా వీడియోలు చూపిస్తూ గుండె లయనూ, చర్మంలోని విద్యుత్ మార్పులనూ కొలిచిన అధ్యయనం ఒకటి 2019లో వెలువడింది. సగటున చూస్తే, శరీరం చెడ్డ వార్తకే ఎక్కువగా స్పందించింది. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టిన పూర్వీకుల సంతానం మనం, కాబట్టి ఇందులో వింత లేదు. వింత ఏమిటంటే, ఈ బలహీనత ఇప్పుడు కొలతకు అందే సరుకైంది. అమెరికాలోని ఒక వెబ్‌సైటు ప్రయోగాత్మకంగా పెట్టిన వేలాది శీర్షికలను విశ్లేషించిన పరిశోధకులు 2023లో ఒక సంగతి బయటపెట్టారు: సగటు శీర్షికలో ప్రతికూల పదం ఒకటి చేరితే దాన్ని నొక్కేవారు 2.3 శాతం పెరుగుతారు. ఒక్క శీర్షికకు ఇది చిన్న సంఖ్య. కోట్ల శీర్షికలు పోటీపడే చోట చిన్నది కాదు.

ఈ వివరాలన్నీ చెప్పి, "చూశారా, అంతా బాగానే ఉంది" అని ముగించే వ్యాసాలంటే నాకు చిరాకు. అంతా బాగా లేదు. 2024 చివరికి యుద్ధాల వల్ల, హింస వల్ల ఇల్లు విడిచిపోయినవారు ప్రపంచమంతటా 12 కోట్లకు పైనే. భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయిని 1.5 డిగ్రీలకు మించి దాటిన మొదటి క్యాలెండర్ సంవత్సరం కూడా 2024. ఇవి శీర్షికల మాయ కాదు. పైగా, దిగివచ్చిన ఆ గ్రాఫుల్లో ఏ గీతా తనంతట తాను దిగలేదు. ఎవరో పట్టి లాగితేనే దిగింది.

ఓజోన్ పొర సంగతే చూడండి. అప్పట్లో శీతలీకరణ యంత్రాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఆ పొరను తినేస్తాయని రసాయన శాస్త్రవేత్తలు మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలండ్ 1974లో హెచ్చరించారు. పరిశ్రమ వర్గాలు కొట్టిపారేశాయి. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర ప్రమాదకరంగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలతలతో చూపించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, కాలక్రమంలో ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. ఇలాగే కొనసాగితే అంటార్కిటికా మీద ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా. ఒకప్పుడు పాఠ్యపుస్తకాల దాకా పాకిన ఈ భయం గురించి మీరు ఈమధ్య ఎప్పుడు చదివారు? దారికొచ్చిన సమస్య వార్తల్లోంచి మాయమవుతుంది, దాని స్థానంలో కొత్త సమస్య వచ్చి కూర్చుంటుంది. పరిష్కారాలు ఎలా జరుగుతాయో చూసే అవకాశమే పాఠకుడికి దక్కదు.

కాళ్లూ చేతులూ ఆడని స్థితి

ఎక్కువగా చూడటం మనిషిని ఏం చేస్తుందో 2013 నాటి బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత జరిగిన ఒక పరిశోధన చూపింది. పేలుళ్ల తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలు చూసినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు, ఘటనాస్థలంలోనో దాని దగ్గరలోనో ఉన్నవారిలో కంటే కూడా ఎక్కువగా కనిపించాయి. అసలే ఆందోళనలో ఉన్నవారు ఎక్కువసేపు చూసి ఉండవచ్చు, కాబట్టి తప్పంతా తెరదేనని అనలేం. కానీ ఒక తేడా ఆలోచించదగ్గది. అక్కడ ఉన్నవారికి చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది: పరుగెత్తడం, గాయానికి గుడ్డ కట్టడం, తెలిసినవారిని వెతకడం. తెర ముందున్నవారికి చూడటం తప్ప మరేమీ లేదు.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి దగ్గరి కథ ఒకటుంది, దాని రెండో భాగం చాలామందికి తెలియదు. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఇవాళైతే అలాంటి వాటికి అనుమతి రాదు. కొన్ని కుక్కలకు విద్యుత్ షాక్ ఇస్తూ, తలతో పలకను నొక్కితే అది ఆగేలా ఏర్పాటు చేశారు. మరికొన్నిటికి అంతే షాక్ ఇచ్చారు గానీ, ఆపే మార్గం లేకుండా చేశారు. తర్వాత రెండు గుంపులనూ, చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో ఉంచారు. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో చాలా కుక్కలు కదలకుండా షాక్‌ను భరిస్తూ ఉండిపోయాయి. "తమ వల్ల ఏమీ కాదని అవి నేర్చుకున్నాయి" అని పరిశోధకులు తేల్చారు. ఈ మాట అర్ధశతాబ్దం పాటు పాఠాల్లో నిలిచింది.

2016లో ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని సవరించుకున్నారు. మెదడు మీద దశాబ్దాల పాటు సాగిన పరిశోధన దానికి ఆధారం. వారి కొత్త నిర్ధారణ పాతదానికి సరిగ్గా ఎదురు. నిస్సహాయతను ఎవరూ నేర్చుకోవడం లేదు, ఎడతెగని కష్టం ఎదురైనప్పుడు మెదడు చూపే సహజ స్పందనే అది. నేర్చుకోవాల్సింది అదుపును. "నేను చేసిన పని వల్ల తేడా వచ్చింది" అన్న సంగతి ఒకసారి నమోదైతే, మెదడు ముందు భాగం ఆ నిస్తేజాన్ని అణచడం మొదలుపెడుతుంది. ఆ అనుభవం తర్వాత వచ్చే కష్టాలలోనూ కాపాడుతుంది. ప్రయోగశాల జంతువుకూ వార్తలు చదివే మనిషికీ మధ్య చాలా దూరముందని తెలుసు. అయినా దీని నుంచి ఒకటి గ్రహించవచ్చు. చెడ్డ వార్తల ముందు కుంగిపోవడం గుణలోపం కాదు. దాన్నుంచి బయటపడటానికి ఉపన్యాసం చాలదు, ఎంత చిన్నదైనా మన చేతి వల్ల మారినదేదో కంటికి కనబడాలి.

ఇక్కడ సంఖ్యలు అడ్డుపడతాయి. ఒక బిడ్డకు సాయం చేయగలిగిన మనిషికి, మనం సాయం చేయలేని మిగతా పిల్లల గురించి కూడా చెబితే ఏమవుతుంది? స్వీడన్‌కు చెందిన డానియల్ వెస్ట్‌ఫ్యాల్, అమెరికాకు చెందిన పాల్ స్లోవిక్ బృందం ప్రయోగాలలో, సాయం చేయడంలోని తృప్తి తగ్గిపోయింది, చేయాలన్న ఇష్టమూ తగ్గింది. ఆ ఒక్క బిడ్డకు అందే మేలు మాత్రం అణువంత కూడా తగ్గలేదు. సముద్రంలో కాకిరెట్ట అని మనం కొట్టిపారేసే ప్రతిసారీ చేస్తున్న తప్పు లెక్క ఇదే: మేలును అది అందుకున్నవారి జీవితంతో కాక, మిగిలిపోయిన సమస్యతో కొలుస్తున్నాం.

అందరూ చూస్తున్నారన్న భావన ఇంకో అడ్డంకి. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే చేసిన ప్రయోగంలో, ఇంటర్‌కామ్‌లో ఒకరు మూర్ఛతో అవస్థపడుతున్నట్లు వినిపించారు. ఆ గొంతు తనకొక్కడికే వినబడుతోందనుకున్నవారిలో 85 శాతం మంది మూర్ఛ ముగిసేలోపే సాయానికి లేచారు. మరో నలుగురికి కూడా వినబడుతోందనుకున్నవారిలో 31 శాతమే. వార్త అనేది కోట్లమంది ఒకేసారి వినే ఇంటర్‌కామ్. అందులోంచి ఎవరూ లేవకపోవడంలో ఆశ్చర్యమేముంది?

నారికురుపు నేర్పేది

పెద్ద సమస్యను చిన్న చేతులు ఎలా లొంగదీస్తాయో తెలుసుకోవడానికి నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ నారికురుపు, అంటే గినియా పురుగు వల్ల వచ్చే వ్యాధి. చెరువులోనో దిగుడుబావిలోనో ఉండే, కంటికి సరిగా ఆనని నీటి పురుగుల ద్వారా గినియా పురుగు పిల్ల క్రిములు కడుపులోకి చేరతాయి. ఏడాది గడిచాక, మీటరు దాకా పెరిగిన పురుగు కాలి మీద పుండు చేసుకుని బయటికి వస్తుంది. దాన్ని తెగకుండా పుల్లకు చుడుతూ రోజుకు కొంత చొప్పున వారాల తరబడి లాగాలి. మంట భరించలేక మనిషి కాలిని నీళ్లలో పెడతాడు. పురుగు ఆ నీళ్లలోకి మళ్లీ పిల్లలను వదులుతుంది. చక్రం మొదలవుతుంది. దీనికి టీకా లేదు. నయం చేసే మందు లేదు. ఒకసారి వచ్చిపోయినా రోగనిరోధకత రాదు.

1986లో ఆఫ్రికా, ఆసియాల్లోని 21 దేశాల్లో ఏటా 35 లక్షల మందికి ఇది సోకుతోందని అంచనా. 2024లో ప్రపంచమంతటా నమోదైన మనుషుల కేసులు 15. భారతదేశం దీని నుంచి విముక్తమైందని 2000లోనే ధ్రువీకరణ వచ్చింది.

ఏ ఆయుధంతో? గుడ్డతో. సన్నని నేత గుడ్డలో నీళ్లు వడగట్టుకుని తాగడం, పుండు ఉన్నవారిని చెరువులో దిగనీయకపోవడం, ఆ చిన్న నీటి పురుగులను చంపే మందును నీటిలో కొద్దిగా కలపడం, వీలైనచోట బోరు వేయడం, అంతే. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆయా ప్రభుత్వాలు డబ్బూ ప్రణాళికా సమకూర్చాయి. కానీ గుడ్డను ఇంటింటికీ చేర్చి, చిరిగితే మార్చి, ఎవరి కాలికి పొక్కు లేచిందో ప్రతి రోజూ కనిపెట్టి చూసినవారు ఆ పల్లెల్లోని స్వచ్ఛంద కార్యకర్తలు. అలాంటి కార్యకర్త దగ్గర 35 లక్షల అంకె లేదు. ఒక చెరువు, కొన్ని ఇళ్లు, ఈ వారం చూడాల్సిన కాళ్లు, ఇవే ఉన్నాయి. పని చేయదగ్గ పరిమాణం అది.

ఇదేమీ నల్లేరు మీద నడక కాలేదు. వ్యాధిని 1995కల్లా నిర్మూలిస్తామని మొదట ప్రకటించారు. ఆ గడువు దాటిపోయింది, తర్వాత పెట్టుకున్న గడువులూ దాటిపోయాయి, ఇప్పుడు 2030 అంటున్నారు. సూడాన్‌లో అంతర్యుద్ధం అడ్డొస్తే, 1995లో జిమ్మీ కార్టర్ ఇరుపక్షాలనూ ఒప్పించి దాదాపు ఆరు నెలల కాల్పుల విరమణ సాధించారు. ఆ వ్యవధిలో ఆరోగ్య కార్యకర్తలు అంతవరకు చేరలేకపోయిన పల్లెలకు వెళ్లారు. 2012లో చాడ్ దేశంలో కుక్కలకు కూడా ఈ పురుగు సోకుతోందని బయటపడి, ముగిసిందనుకున్న పని మళ్లీ పెరిగింది. ఈ పొడవునా ఏ సంవత్సరాన వార్త రాసినా "లక్ష్యం మళ్లీ తప్పింది" అనే రాయాల్సి వచ్చేది. అది అబద్ధమూ కాదు. అదే సమయంలో లక్షలు వేలయ్యాయి, వేలు పదులయ్యాయి.

ఆశావాదానికీ ఆశకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. "తప్పక బాగుపడుతుంది" అనేది జోస్యం, తప్పితే కుంగిపోతాం. గడువు తప్పిన మర్నాడు కూడా గుడ్డల కట్ట చంకన పెట్టుకుని బయల్దేరినవారిది జోస్యం కాదు. అమెరికా మనస్తత్వవేత్త చార్లెస్ స్నైడర్ 1990ల నుంచీ చెప్పిన నిర్వచనం దీనికి సరిపోతుంది. ఆయన దృష్టిలో ఆశకు రెండు కాళ్లు: గమ్యానికి దారులు వెతకగలగడం, ఆ దారిన నడవగలనన్న నమ్మకం. ఒక దారి మూసుకుపోతే ఇంకోటి వెతకడం కూడా అందులో భాగమే. కాబట్టి ఆశను సాధన చేయవచ్చు.

ఏ పని, ఎంత మేరకు?

అన్ని బాధలకూ స్పందించాలనుకునే మనిషి వారం తిరిగేసరికి దేనికీ స్పందించలేని స్థితికి వస్తాడు. ఒకటి ఎంచుకోవడమే మేలు. మిగతావాటిని వదిలేస్తున్నామన్న అపరాధభావం వస్తుంది, రానివ్వండి. వాటిని ఎంచుకున్నవారు వేరే ఉంటారు. ఎంపికకు నేను పెట్టే గీటురాళ్లు రెండే. ఫలితం ఎంతో కొంత కంటికి కనబడాలి. ఏళ్ల తరబడి చేయగలిగేంత చిన్నదై ఉండాలి. చదవడం రాని ఒక బిడ్డకు వారానికి రెండు గంటలు చదువు చెప్పడం, క్రమం తప్పకుండా రక్తం ఇవ్వడం, ఇప్పటికే పనిచేస్తున్న సంస్థకు నెలనెలా స్థిరంగా కొంత పంపడం, సమాచార హక్కు చట్టాలు ఉన్నచోట వాటిని వాడి ఒక్క పథకం వెంటపడటం వంటివి. లెక్కలు చూడటం వచ్చినవారు స్వచ్ఛంద సంస్థకు లెక్కలు రాసిపెడితే, ఆ సాయం చాలాసార్లు వీధి ఊడ్చే ఫొటో కంటే విలువైనది. ఎవరికీ కనబడదు కాబట్టి దానికి మనుషులు దొరకరు.

వీలైతే ఒంటరిగా వద్దు. దీనికి భావోద్వేగ కారణం ఒకటి ఉంది, అలసిన రోజున ఇంకొకరు నడిపిస్తారు. అంతకంటే గట్టి కారణం వేరే ఉంది. వ్యక్తి నడవడిక ఒక్కటే మారితే మారని సమస్యలు చాలా ఉన్నాయి. ఎవరి వల్ల ఎంత కర్బనం విడుదలవుతోందో వ్యక్తిగతంగా లెక్కించుకోమన్న ఆలోచనను 2000ల మధ్యలో జోరుగా ప్రచారం చేసింది చమురు సంస్థ బీపీ అని గుర్తుంచుకుంటే, బాధ్యత ఎటునుంచి ఎటు జరిగిందో అర్థమవుతుంది. ఇంట్లో దీపం ఆర్పడం మంచిదే. దాంతో పని అయిపోయిందనుకుంటే, విధానాలు రాసేవారికి అంతకన్నా కావాల్సింది లేదు. రాజనీతి శాస్త్రవేత్తలు ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ 1900 నుంచి 2006 వరకు జరిగిన 323 పెద్ద ఉద్యమాలను పోల్చి చూస్తే, హింసకు దిగనివి 53 శాతం, సాయుధమైనవి 26 శాతం విజయం సాధించాయి. జనం విస్తృతంగా చేరగలగడమే అందుకు ప్రధాన కారణమని వారి విశ్లేషణ. 2010 తర్వాత ఈ విజయాల రేటు బాగా తగ్గిందని కూడా చెనోవెతే రాశారు. ప్రభుత్వాలూ పాఠాలు నేర్చుకుంటాయి మరి. గెలుపు హామీ ఎక్కడా లేదు.

ఒక హెచ్చరిక. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతుకు మీద విరక్తి వంటివి ఉంటే అది వార్తల వల్ల వచ్చిన దిగులుగా సరిపెట్టుకోకూడదు. సమాజ సేవ దానికి మందు కాదు, వైద్యుణ్ణి కలవాలి.

ఇక వార్తల సంగతి. మానేయమని నేను చెప్పను. ప్రపంచంలో ఏం జరుగుతోందో తెలియని పౌరుణ్ణి మోసం చేయడం చాలా తేలిక. కానీ రోజంతా చూడాల్సిన పనీ లేదు. రోజుకొకసారి, నిర్ణీత వేళకు, పడుకునే ముందు కాకుండా, వీడియో కంటే అచ్చులో చదివితే చాలావరకు సరిపోతుంది. ఫోనులో హెచ్చరికలు ఆపేస్తే కోల్పోయేదేమీ ఉండదు, నిజంగా అత్యవసరమైనది ఎవరో ఒకరు చెబుతారు. ఇంతకంటే పెద్ద మార్పు, చేతిలో పని ఉన్నప్పుడు వస్తుంది. ఒక నది కాలుష్యం మీద పనిచేస్తున్న మనిషి పత్రిక తెరిచే తీరే వేరు. కాలుష్య నియంత్రణ మండలి సమావేశం ఎప్పుడు, శుద్ధి కేంద్రానికి బడ్జెట్‌లో ఎంత కేటాయించారు, కోర్టు వాయిదా ఏ తేదీకి పడింది, టెండరు ఎవరికి దక్కింది అని వెతుకుతాడు. చాలాసార్లు అవి మొదటి పేజీలో ఉండవు, లోపలి పేజీల్లో మూడు వాక్యాల్లో ఉంటాయి. ఆ మూడు వాక్యాలు కత్తిరించి దాచుకుని, సమావేశం తేదీని తన బృందానికి పంపించి, మిగతా పత్రికను తీరిక ఉంటే చదువుతాడు, లేకపోతే లేదు.